నెలవారీ కాంటాక్ట్ లెన్సులు: ‘నెల’ అనే మాట వెనుక ఉన్న చరిత్ర



నా వైద్యవృత్తి చివరి సంవత్సరాలలో ఒక మే నెల సాయంత్రం, పర్చూరు వైపు పల్లె నుండి ఒక తండ్రి తన కుమార్తెను నా వద్దకు తీసుకొని వచ్చారు. అమ్మాయి ఇంజనీరింగు చదువుతోంది. కుడి కన్ను ఎర్రబడింది, వెలుతురు చూడలేక చున్నీతో ముఖం కప్పుకొని ఉంది. కాంటాక్ట్ లెన్సులు వాడుతున్నానని చెప్పింది. ఎటువంటివమ్మా అని అడిగాను.

“నెల లెన్సులే డాక్టరుగారూ. నెలంటే ముప్పై రోజులే కదండీ. నేను పెళ్ళిళ్ళకూ, కాలేజీ ఫంక్షన్లకూ మాత్రమే పెట్టుకున్నాను. దసరాకు తెరిచాను. లెక్క వేస్తే పదకొండు రోజులే వాడాను. ఇంకా పంతొమ్మిది రోజులు మిగిలే ఉన్నాయి.”

మధ్యలో ద్రావణం అయిపోతే కాచి చల్లార్చిన నీళ్ళు పోసి ఉంచానని కూడా చెప్పింది. నేను నేత్రవైద్యుణ్ణి కాను. అయినా టార్చి వెలుగులో నల్లగుడ్డు మీద కనిపించిన తెల్లని మచ్చ ఏమిటో గుర్తించడానికి ఆ పట్టా అవసరం లేదు. ఆ రాత్రికే కంటి ఆసుపత్రికి పంపాను. వారాల తరబడి వైద్యం జరిగింది. చూపు దక్కింది కాని పూర్తిగా దక్కలేదు, మచ్చ మిగిలిపోయింది.

ఆ అమ్మాయి చదువులో మందమతి కాదు. ఆమె వేసిన లెక్క తర్కానికి నిలిచేదే. పెట్టె మీద ఉన్న ‘నెల’ అనే మాటకు అర్థం ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ మాటకు ఒక చరిత్ర ఉంది. వైద్యులు సైతం ఆ మాట అర్థాన్ని కొన్నిసార్లు మార్చుకోవలసి వచ్చింది. ఆ చరిత్ర తెలిస్తే, లెన్సు ఎందుకు సుఖంగా ఉంటుందో, సుఖంగా ఉన్నంత మాత్రాన క్షేమం ఎందుకు కాదో మీకే బోధపడుతుంది.

గాజు కాలం

కంటిలో నల్లగుడ్డు ముందు, గడియారపు అద్దం వలె అమరి ఉన్న పారదర్శకమైన పొరను స్వచ్ఛపటలం అంటారు. కార్నియా అన్నా అదే. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. దానిలో రక్తనాళాలు ఉండవు, ఉంటే వెలుతురు సరిగా దాటదు. కనుక ఆ పొర తనకు కావలసిన ప్రాణవాయువును, మనం మేలుకొని ఉన్నంతసేపూ, కన్నీటి ద్వారా నేరుగా గాలి నుండే తీసుకుంటుంది. కాంటాక్ట్ లెన్సుల చరిత్ర అంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగింది.

1888లో జ్యూరిచ్‌లో పనిచేస్తున్న జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ ఫిక్, గాజుతో చేసిన లెన్సులను మొదట కుందేళ్ళ కళ్ళకు, తరువాత తన కళ్ళకు, ఆ పిమ్మట రోగులకు అమర్చి, ఆ వివరాలు ప్రకటించాడు. అవి నల్లగుడ్డును దాటి తెల్లగుడ్డు మీద ఆనుకునే పెద్ద గాజు చిప్పలు. లోపల ద్రాక్షచక్కెర ద్రావణం నింపేవాడు. మరుసటి సంవత్సరమే కీల్ విశ్వవిద్యాలయంలో ఆగస్ట్ ముల్లర్ అనే వైద్యవిద్యార్థి తన సిద్ధాంత వ్యాసాన్ని సమర్పించాడు. అతనికే తీవ్రమైన హ్రస్వదృష్టి ఉండేది. తన కోసం తానే చేసుకున్న గాజు లెన్సులను అరగంటకు మించి భరించలేకపోయాడు.

అప్పటివారు బాధకు కారణం గాజు బరువు, గాజు గట్టితనం అనుకున్నారు. అది సగం సత్యమే. కొన్ని గంటలు పెట్టుకున్నవారికి దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించేవి, చూపు మసకబారేది. ప్రాణవాయువు అందక స్వచ్ఛపటలం నీరు పట్టి ఉబ్బడమే అందుకు కారణం. గాలి నుండి ప్రాణవాయువు అందకపోతే ఈ పొర మబ్బు పడుతుందని స్మెల్సర్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలతో చూపించింది 1952లో. అనగా ఫిక్ తరువాత అరవైనాలుగు సంవత్సరాలకు.

ఆ నడుమ గాజు స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది. 1936లో అమెరికాలో విలియం ఫైన్‌బ్లూమ్ కొంత గాజు, కొంత ప్లాస్టిక్ కలిపి లెన్సు తయారు చేశాడు. 1948లో లాస్ ఏంజెలెస్‌లో కళ్ళద్దాల పనిచేసే కెవిన్ టూయీ, తెల్లగుడ్డు జోలికి పోకుండా నల్లగుడ్డు మీద మాత్రమే నిలిచే చిన్న ప్లాస్టిక్ లెన్సును చేశాడు. రెప్ప కొట్టినప్పుడల్లా ఆ లెన్సు కొద్దిగా కదిలేది. దాని కింద కన్నీరు మారేది. ఆ కన్నీటితోనే కాస్త ప్రాణవాయువు లోపలికి చేరేది. మా తరం విద్యార్థులు ‘హార్డ్ లెన్సు’ అని పిలిచింది దీనినే. అలవాటు పడేవరకు కంటిలో ఇసుక పడినట్టే ఉండేదని వాడినవారు చెప్పేవారు.

ప్రాగ్ నగరంలో ఒక ఇంటి వంటబల్ల

మెత్తని లెన్సు పుట్టిన విధం చదివితే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. చెకోస్లోవేకియా రసాయన శాస్త్రవేత్త ఒట్టో విఖ్టర్లే, తన సహచరుడు ద్రహొస్లావ్ లీమ్‌తో కలిసి, నీటిని పీల్చుకొని మెత్తబడే ఒక కొత్త ప్లాస్టిక్‌ను రూపొందించారు. దానిని గురించి 1960లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. బరువులో సుమారు 38 శాతం నీరు ఉండే జిగురు వంటి పదార్థం అది. కంటికి హాని చేయదు. అయితే దానిని లెన్సుగా మలచడం ఎవరికీ చేత కాలేదు. అచ్చులో పోస్తే అంచులు చిరిగిపోయేవి.

1961 క్రిస్మస్ సెలవులలో విఖ్టర్లే తన ఇంటిలో, పిల్లలు ఆడుకునే మెర్కుర్ అనే లోహపు ముక్కల బొమ్మలతో ఒక చిన్న యంత్రం బిగించాడు. దానిని తిప్పడానికి సైకిల్ డైనమో వాడాడు, తరువాత గ్రామఫోను మోటారు తగిలించాడు. తిరుగుతున్న గుంట అచ్చులో ద్రవపు బొట్టు వేస్తే, అది చుట్టూ పరచుకొని, నున్నని అంచులతో లెన్సుగా గట్టిపడింది. వైద్యురాలైన ఆయన భార్య ఆ పనిలో తోడ్పడింది. 1962లో మొదటి నాలుగు నెలలలోనే వారు సుమారు 5,500 లెన్సులు తయారు చేశారు. ఆ హక్కులు అమెరికాకు చేరి, 1971లో బాష్ అండ్ లోమ్ సంస్థ మెత్తని లెన్సులకు అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది.

మెత్తదనంతో సుఖం వచ్చింది. ఇసుక పడినట్టు ఉండే బాధ పోయింది. అయితే ఒక చిక్కు కూడా వచ్చింది. గట్టి లెన్సు కంటిలో నలత ఉంటే వెంటనే గుచ్చుకొని హెచ్చరించేది. మెత్తని లెన్సు కంటికి చిన్న కట్టు వలె పనిచేసి, ఆరంభంలోని నొప్పిని కప్పివేయగలదు. ఈ మాట గుర్తుంచుకోండి, దీని అవసరం ముందు ముందు వస్తుంది.

‘నెల’ మొదటి అర్థం, దాని పర్యవసానం

1981లో అమెరికాలో ఒక కొత్త అనుమతి వచ్చింది. కొన్ని మెత్తని లెన్సులను రాత్రి నిద్రలో సైతం తీయకుండా ముప్పై రోజుల వరకు ఉంచుకోవచ్చునన్నారు. వైద్యశాస్త్రంలో ‘నెల’ అనే మాట లెన్సుతో బలంగా ముడిపడింది అప్పుడే. తీయనక్కరలేదు, కడగనక్కరలేదు. జనం ఎగబడ్డారు.

ఎనిమిదేళ్ళకు లెక్కలు తేలాయి. 1989లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చిన పరిశోధన ప్రకారం, మెత్తని లెన్సులను పగలు మాత్రమే వాడేవారిలో ఏడాదికి ప్రతి 10,000 మందిలో సుమారు 4 మందికి స్వచ్ఛపటలపు పుండ్లు పడుతున్నాయి. రాత్రి కూడా ఉంచుకునే రకం వాడేవారిలో ఆ సంఖ్య సుమారు 21. అదే సంవత్సరం ఆ ముప్పై రాత్రుల అనుమతిని ఏడు రాత్రులకు కుదించారు.

దోషమంతా ప్రాణవాయువుదేనని అందరూ భావించారు. మూసిన రెప్ప కింద గాలి అందదు, దానికి తోడు లెన్సు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రయన్ హోల్డెన్, ఆయన సహచరుడు మెర్ట్జ్, పగటి వాడకానికి ఎంత, రాత్రి వాడకానికి ఎంత ప్రాణవాయువు లెన్సు గుండా దాటాలో 1984లోనే కొలతలు నిర్ణయించారు. నీటిని నమ్ముకున్న పాత పదార్థం ఆ రెండవ కొలతను అందుకోలేదు. సిలికాన్ అందుకోగలదు. కాని సిలికాన్ నీటిని దగ్గరకు రానివ్వదు, కంటికి అతుక్కుపోతుంది. ఈ రెండింటినీ ఒకే లెన్సులో ఇమడ్చడానికి అనేక సంవత్సరాలు పట్టింది. 1999లో సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు విపణిలోకి వచ్చాయి. నేటి నెలవారీ లెన్సులలో అధిక భాగం వాటి సంతతే. 2001లో అమెరికాలో ముప్పై రాత్రుల అనుమతి మళ్ళీ వచ్చింది.

మన గడ్డకు ఉన్న సంబంధం

ఈ కథ సిడ్నీలోనో అమెరికాలోనో ముగియలేదు, హైదరాబాదుకు కూడా వచ్చింది. గుంటూరు వైద్య కళాశాలలో చదివి, ఢిల్లీలోని ఎయిమ్స్‌లో నేత్రవైద్యం అభ్యసించి, అమెరికాలో స్వచ్ఛపటల నిపుణుడిగా పేరు పొందిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1980వ దశకంలో స్వదేశానికి తిరిగి వచ్చారు. సినీ దర్శక నిర్మాత అక్కినేని లక్ష్మీవరప్రసాద్‌గారి విరాళంతో 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ వెలసింది. బ్రయన్ హోల్డెన్ సిడ్నీ బృందానికీ ఈ సంస్థకూ దీర్ఘకాలపు సహకారం ఏర్పడింది. కాంటాక్ట్ లెన్సుల వలన కంటిలో వచ్చే వాపులను, కణసమూహాలను ఎలా గుర్తించాలో, ఎలా వర్గీకరించాలో వివరించే మార్గదర్శిని ఈ రెండు సంస్థల పేరుతోనే వెలువడింది. హోల్డెన్ 2015లో మరణించారు. అక్కడి దృష్టిశాస్త్ర విద్యాలయానికి నేడు ఆయన పేరే ఉంది.

అదే సంస్థ నుండి మన ప్రాంతానికి మరింత దగ్గరైన మరొక పరిశోధన వచ్చింది. పది సంవత్సరాలలో తమ వద్దకు వచ్చిన, బూజు జాతి శిలీంధ్రాల వలన కలిగిన స్వచ్ఛపటలపు పుండ్లను 2002లో సమీక్షించారు. ఆ సంఖ్య 1,300కు పైమాటే. సగానికి పైగా కళ్ళలో పుండుకు ముందు గాయం తగిలిన చరిత్ర ఉంది. కనిపించిన శిలీంధ్రాలలో ముఖ్యమైనవి ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్. ఇవి మట్టిలో, ఎండుటాకులలో, పంట చెత్తలో బతికేవి. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతుకు ఈ పేర్లు తెలియకపోవచ్చును. కాని పత్తికంప కొట్టుకొని కన్ను పోయినవారిని, మిరపకల్లంలో నలుసు పడి చూపు తగ్గినవారిని ప్రతి ఊరూ చూసింది.

2006లో ఆ ఫ్యుజేరియమే అమెరికాలో లెన్సు వాడేవారి కళ్ళలో కనిపించింది. అక్కడ 164 కేసులు నిర్ధారణ అయ్యాయి. వారిలో ఎక్కువమంది ఒకే రకం లెన్సు ద్రావణాన్ని వాడినవారు. ఆ ద్రావణాన్ని తయారీదారే ప్రపంచమంతటా ఉపసంహరించుకున్నాడు. పొలం దాకా పోనక్కరలేదు, లెన్సుల డబ్బీలోనే పొలపు బూజు మొలవగలదని ఆ ఉదంతం చాటింది.

ప్రాణవాయువు సమస్య తీరింది, మరి పుండ్లు?

పాఠకులు ఒక్క క్షణం ఇక్కడ ఆగాలి. ప్రాణవాయువు దండిగా దాటే లెన్సు వచ్చింది కదా, పుండ్లు తగ్గి ఉండాలి కదా! 2008లో ఆస్ట్రేలియాలో ఫియోనా స్టేపుల్టన్ బృందం దేశవ్యాప్తంగా లెక్కించింది. పాత మెత్తని లెన్సుతో నిద్రించేవారిలో ఏడాదికి ప్రతి 10,000 మందికి 19.5, కొత్త సిలికాన్ హైడ్రోజెల్‌తో నిద్రించేవారిలో 25.4. తగ్గలేదు. పాత మెత్తని లెన్సులను పగలు మాత్రమే వాడినవారిలో అది సుమారు 2.

కంటి ఉబ్బు తగ్గింది, ఎరుపు తగ్గింది, హాయి పెరిగింది. సూక్ష్మజీవి మాత్రం మన వేలి మీద, డబ్బీలో, నీటిలో ఎప్పటివలెనే ఉంది. ప్రాణవాయువు సమస్యను ప్రయోగశాల తీర్చింది. శుభ్రత సమస్యను ఏ ప్రయోగశాలా మన తరఫున తీర్చలేదు.

అందుచేత నేడు మన దేశంలో నేత్రవైద్యుడు నెలవారీ లెన్సు రాసినప్పుడు, సాధారణంగా ఆయన ఉద్దేశం ఇది: పగలు పెట్టుకోవాలి, ప్రతి రాత్రి తీసి శుభ్రపరచి తాజా ద్రావణంలో ఉంచాలి, పొట్లం తెరిచిన నాటి నుండి ముప్పైవ రోజున పారవేయాలి. ఎన్ని రోజులు పెట్టుకున్నారన్నది లెక్కలోకి రాదు. పదకొండు రోజులు వాడినా, ఒక్క రోజు వాడినా, క్యాలెండరులో నెల గడిస్తే దాని ఆయుష్షు తీరినట్టే.

ఎందుకు? కన్నీటిలో మాంసకృత్తులు, కొవ్వులు ఉంటాయి. లెన్సు మీద అవి దినదినం పేరుకుంటాయి. సిలికాన్ ప్రత్యేకించి కొవ్వును ఆకర్షిస్తుంది. అందుకే మూడవ వారం దాటాక సాయంత్రాలలో కన్ను పొడిబారినట్టు, రెప్ప కింద ఏదో ఉన్నట్టు కొందరికి అనిపిస్తుంది. కంప్యూటరు ముందు రెప్ప కొట్టడం తగ్గడం, మన వేసవి వడగాలి, ఏసీ గది ఈ పొడిదనాన్ని పెంచుతాయి. వాడకుండా డబ్బీలో ఉంచిన లెన్సుకు మరొక అపాయం ఉంది. రోజులు గడిచిన కొద్దీ ద్రావణపు క్రిమిసంహారక శక్తి క్షీణిస్తుంది. డబ్బీ గోడల మీద జిగట పొర ఏర్పడి, దానిలో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి.

మిరప, పత్తి నేలలో ఉన్నవారికి

జనవరి నుండి మే వరకు గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల గాలిలోనే ఘాటు ఉంటుంది. కాయ తొడిమలు తీసే ఇళ్ళలో, కారం మిల్లులలో, శీతల గిడ్డంగులలో అంతే. మిరప ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలోనూ కొవ్వులోనూ కరుగుతుంది. చేతులు ఒట్టి నీటితో కడిగితే అది వేళ్ళను, గోళ్ళను వదలదు. ఆ వేలితో లెన్సు ముట్టుకుంటే లెన్సుకు అంటుకొని, కంటిలో గంటల తరబడి మండిస్తుంది. అటువంటి లెన్సును కడిగి మళ్ళీ వాడాలని చూడకండి, పారవేయండి. కారం కంటిలో పడితే మొదట లెన్సు తీయండి, తరువాత శుభ్రమైన నీటితో కన్ను బాగా కడగండి, మంట తగ్గకపోతే వైద్యుని చూడండి.

జిన్నింగు మిల్లుల దూదిపొడి, పొలంలో మందు కొట్టే తుంపర, కల్లంలో లేచే దుమ్ము ఉన్న చోట లెన్సు పెట్టుకోవద్దు. అక్కడ కళ్ళజోడే మేలు, దానిపైన రక్షణ అద్దాలు ఉంటే ఇంకా మేలు.

నీటిని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బోరు నీరు, సాగరు కాలువతో నింపిన చెరువు నీరు, కుళాయి నీరు, క్యాను నీరు, కాచి చల్లార్చిన నీరు, వీటిలో ఏదీ లెన్సుకు, డబ్బీకి తగలరాదు. తాగడానికి పనికివచ్చే నీరు లెన్సుకు పనికిరాదు. అకాంథమీబా అనే ఏకకణజీవి నీటిలోనూ మట్టిలోనూ ఉంటుంది. అది కంటిలో చేరితే వైద్యం నెలల తరబడి సాగుతుంది. 1980వ దశకంలో అమెరికాలో, ఉప్పు బిళ్ళలను నీటిలో కలిపి ఇంట్లోనే లెన్సు ద్రావణం చేసుకున్నవారిలో ఈ వ్యాధి బయటపడింది. లెన్సుతో స్నానం, చెరువులో ఈత కూడా అందుకే కూడదు.

ఇక పాటించవలసినవి:

చేతులు సబ్బుతో రుద్ది కడిగి, పొడిగా తుడుచుకున్న తరువాతనే లెన్సు ముట్టుకోండి. మిరపకాయలు ముట్టిన రోజున రెండుసార్లు కడగండి, గోళ్ళ సందులు మరువకండి.

తీసిన లెన్సును అరచేతిలో ద్రావణం వేసి వేలితో మెల్లగా రుద్దండి. పాత ద్రావణం మీద కొత్తది కలపకండి, ప్రతి రాత్రి పూర్తిగా మార్చండి.

ఉదయం డబ్బీని ఒంపి, తాజా ద్రావణంతో కడిగి, బోర్లించి ఆరనివ్వండి. మూడు నెలలకు ఒకసారి డబ్బీనే మార్చండి.

పొట్లం తెరిచిన తేదీని క్యాలెండరు మీద రాయండి.

లెన్సుతో నిద్రపోకండి. రాత్రి బస్సు ప్రయాణంలో కునుకు కూడా నిద్రే.

నెలకు నాలుగైదు రోజులు మాత్రమే కావలసినవారు నెలవారీ లెన్సు కొనకండి. రోజుకొకటి పారవేసే రకం అడగండి. వాటితో అంటువ్యాధి రాదని కాదు. కాని వచ్చినా తీవ్రత తక్కువగా ఉంటున్నట్టు పరిశోధనలు చెబుతున్నాయి. డబ్బీ బెడద అసలే ఉండదు.

పెళ్ళికూతురికి ఒక మాట. హోమపు పొగ, తలంబ్రాల పసుపు, కాటుక, నిద్రలేని రాత్రి అన్నీ ఒకేచోట చేరే రోజు అది. లెన్సులు మొదటిసారి ఆ రోజునే పెట్టుకోకండి. ముహూర్తం అర్ధరాత్రి అయితే, ముగిసిన వెంటనే లెన్సులు తీసి పడుకోండి. కళ్ళజోడు డబ్బా, కొత్త ద్రావణం తోడిపెళ్ళికూతురి చేతికి ముందే ఇచ్చి ఉంచండి.

మెత్తని లెన్సు నొప్పిని కప్పుతుందని పైన చెప్పాను. కన్ను ఎర్రబడినా, వెలుతురు భరించలేకపోయినా, చూపు మసకబారినా, నీరు కారుతున్నా వెంటనే లెన్సు తీసివేయండి. మందుల దుకాణంలో అడిగి చుక్కలు వేసుకోకండి. స్టీరాయిడ్ ఉన్న చుక్కలు కంటి ఎరుపును ఒక రోజు తగ్గించి, లోపలి బూజును పెంచుతాయి. తీసిన లెన్సును, డబ్బీని పారవేయకుండా వెంట తీసుకొని అదే రోజు నేత్రవైద్యుని వద్దకు వెళ్ళండి. పరీక్షకు అవి పనికివస్తాయి.

పర్చూరు అమ్మాయి ఇప్పుడు ఉద్యోగంలో ఉంది, కళ్ళజోడు పెట్టుకుంటోంది. కుడి కంటితో చిన్న అక్షరాలు చదవలేదు. ఆమె కథ రాస్తానంటే ఊరు పేరు, తన పేరు రాయవద్దని మాత్రం కోరింది. “నా లెక్క మటుకు తప్పకుండా రాయండి డాక్టరుగారూ, అదే లెక్క వేసేవాళ్ళు మా హాస్టల్లోనే ఇంకా నలుగురు ఉండేవారు” అంది.

మీ ఇంటిలోని పిల్లలు లెన్సులు వాడుతూ ఉంటే, ఈ రాత్రి డబ్బీ ఒకసారి చూపించమని అడగండి. ఏ తేదీన తెరిచారో కూడా అడగండి.